సెయింట్ లూయిస్ డేంజరస్ సిటీ అంటున్నారు, అబ్బాయిని పంపాలా?

ప్రశ్న: మాది తెనాలి. నేను విద్యుత్ శాఖలో పనిచేస్తున్నాను. మా అబ్బాయికి అమెరికాలో ఎంఎస్‌కి మూడు చోట్ల అడ్మిషన్ వచ్చింది. ఒకటి సెయింట్ లూయిస్ యూనివర్సిటీ, ఒకటి చికాగోలో, ఇంకొకటి డాలస్ దగ్గరున్న యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్. సెయింట్ లూయిస్ వాళ్లు ఫీజులో కొంత తగ్గిస్తామన్నారు. వాడికీ అక్కడి కోర్సే నచ్చింది. చికాగో ఫీజు మాకు భారమే. ఇంతలో న్యూజెర్సీలో ఉంటున్న మా బావమరిది ఫ్యామిలీ గ్రూపులో ఒక లిస్టు పెట్టాడు. అమెరికాలో అత్యంత ప్రమాదకరమైన నగరాలట. మొదటి పేరు సెయింట్ లూయిస్. అప్పటి నుంచి మా ఆవిడకు నిద్ర లేదు. నేను నెట్‌లో వెతికితే ఒక్కో లిస్టు ఒక్కో మాట చెబుతోంది. ఒకదాంట్లో మెంఫిస్ ఫస్ట్. ఇంకో పాత లిస్టులో అసలు చికాగో పేరే లేదు. టీవీలో కాల్పులంటే చికాగో అనే కదా వింటాం, అది లేకపోవడమేమిటి? ఏ లెక్క నమ్మాలి? గొడవ లేకుండా డాలస్‌కి పంపేయమంటారా? మా ఆవిడకు ఏం చెప్పమంటారు?

జవాబు: ఆ ఒక్క లిస్టు చూసి సెయింట్ లూయిస్ వదులుకోవద్దు. అలాగని మీ బావమరిది పంపింది ఉత్త పుకారనీ అనుకోవద్దు. అందులోని అంకె నిజమే అయ్యుంటుంది. ఆ అంకె మీ అబ్బాయి గురించి ఏం చెబుతుందన్నదే అసలు సంగతి.

ముందు ఉన్నదున్నట్టు చూద్దాం. అమెరికాలో నేరాల రేటును లక్ష మందికి ఇన్ని అని లెక్కిస్తారు. మన దేశంలో నేరాల లెక్కలు వేసే ఎన్‌సీఆర్‌బీ కూడా అలాగే చెబుతుంది కాబట్టి పోల్చుకోవడం మనకు తేలిక. 2020లో సెయింట్ లూయిస్‌లో 263 హత్యలు జరిగాయి. నగర జనాభా 3 లక్షలు. అంటే లక్షకు 87. అక్కడ గత యాభై ఏళ్లలో ఆ రేటే ఎక్కువ. ఆ తర్వాత హత్యల సంఖ్య తగ్గుతూ వచ్చి 2024లో 150 దగ్గర ఆగింది. ఈలోగా జనాభా కూడా 2 లక్షల 80 వేలకు పడిపోయింది కాబట్టి రేటు లక్షకు 53 చిల్లర. 2024లో అమెరికా మొత్తం సగటు లక్షకు 5. మన దేశంలో 2022 లెక్క ప్రకారం లక్షకు 2 పైచిలుకు. దేశ సగటుకు పది రెట్లున్న ఊరిని ‘ఏం లేదండీ, అంతా మీడియా గోల’ అని ఎవరైనా కొట్టిపారేస్తే నమ్మకండి.

అయితే ఆ 2 లక్షల 80 వేల మంది ఎవరు? సెయింట్ లూయిస్ అని మనం పిలిచే మహానగర ప్రాంతంలో 28 లక్షల మంది ఉంటారు. అందులో ‘సిటీ ఆఫ్ సెయింట్ లూయిస్’ పదో వంతు మాత్రమే. 1876లో ఆ నగరం తన కౌంటీ (మన జిల్లా లాంటిది) నుంచి విడిపోయింది. పల్లెల కోసం మనం పన్నులెందుకు కట్టాలన్నది అప్పటి నగరవాసుల వాదన. ఆనాడు గీసిన గీత ఇప్పటికీ కదల్లేదు. ఊరు ఆ గీత దాటి నాలుగు వైపులా పెరిగింది. ఉద్యోగాలు, మంచి స్కూళ్లు, ఆదాయం ఉన్న కుటుంబాలు గీత బయటికి వెళ్లిపోయాయి. మనవాళ్లు ఎక్కువగా ఉండే చెస్టర్‌ఫీల్డ్, బాల్విన్ లాంటివన్నీ అవతలే. హిందూ గుడి కూడా బాల్విన్‌లోనే ఉంది. 1950లో 8 లక్షల 56 వేల మంది ఉన్న నగరంలో ఇప్పుడు మూడో వంతు జనం కూడా లేరు. హత్యల్లో పెద్ద వాటా ఆ మిగిలిన చిన్న చట్రంలోనే జరుగుతాయి, వాటిని భాగించేది కూడా ఆ చిన్న జనాభాతోనే. పగలు సబర్బ్‌ల నుంచి ఉద్యోగానికి వచ్చేవాళ్లు, బేస్‌బాల్ మ్యాచ్ చూడ్డానికి వచ్చేవాళ్లు ఆ లెక్కలో ఉండరు.

2007లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలను కలిపి జీహెచ్ఎంసీ చేశారు గుర్తుందా? అది జరగలేదనుకోండి. పాత మున్సిపల్ కార్పొరేషన్ హద్దులకే ‘హైదరాబాద్’ అని పేరు పెట్టి, కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి, ఎల్బీ నగర్ అన్నీ వేరే ఊళ్లుగా లెక్కేసి సర్వే చేస్తే వచ్చే అంకె ఎలా ఉంటుందో, సెయింట్ లూయిస్ అంకె అలాంటిది. అమెరికాలోనే దీనికి ఎదురు కేసులున్నాయి. ఫ్లోరిడాలో జాక్సన్‌విల్ నగరం 1968లో తన కౌంటీతో కలిసిపోయింది. నాష్‌విల్ 1963లోనే ఆ పని చేసింది. ఇండియానాపొలిస్ 1970లో. ఆ నగరాల లెక్కలో పేద పేటలతో పాటు పచ్చిక బయళ్ల మధ్య ఇళ్లున్న కాలనీలూ కలిసి ఉంటాయి. జాక్సన్‌విల్ వైశాల్యం సెయింట్ లూయిస్‌కి పది రెట్లకు పైనే. 2019లో సెయింట్ లూయిస్ నగరాన్నీ, పది లక్షల జనాభా ఉన్న కౌంటీనీ కలపాలని ఒక ప్రతిపాదన గట్టిగా నడిచింది, చివరికి వెనక్కి తీసుకున్నారు. అది జరిగి ఉంటే ఒక్క ప్రాణం కూడా అదనంగా దక్కకుండానే సెయింట్ లూయిస్ లిస్టులో చాలా కిందికి దిగిపోయేది. మీ ఆవిడ హాయిగా నిద్రపోయేవారు. బాల్టిమోర్ కథా ఇంతే. అది 1851 నుంచి ఏ కౌంటీలోనూ భాగం కాదు, అందుకే ఈ లిస్టుల్లో ఎప్పుడూ పైనే కనిపిస్తుంది.

మీ డాలస్ ప్రశ్నకు జవాబు కూడా ఈ గీతల్లోనే ఉంది. యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ ఎట్ డాలస్ క్యాంపస్ ఉన్నది రిచర్డ్‌సన్‌లో. అది వేరే మున్సిపాలిటీ, పోలీసులు వేరు. మీ అబ్బాయి అక్కడ చేరితే డాలస్ నగర నేరాల రేటు అతనికి దాదాపు వర్తించదు. అంటే మీరు పోల్చుతున్నది రెండు నగరాలను కాదు. ఒకవైపు ఒక మహానగరం నడిబొడ్డు, ఇంకోవైపు మరో మహానగరం శివారు. అలా పోలిస్తే ఎక్కడైనా శివారే గెలుస్తుంది.

ఇక చికాగో. మనకు తెలిసిన అమెరికా కాల్పుల వార్తల్లో సగం చికాగోవే అన్నట్టు ఉంటుంది. అక్కడ ఏడాదికి జరిగే హత్యల సంఖ్య పెద్దదే. 2021లో 800 దాకా వెళ్లింది, 2024లో 573. కానీ అక్కడున్నది 27 లక్షల మంది. లక్షకు 21 పడుతుంది. సెయింట్ లూయిస్‌లో సగం కూడా కాదు. న్యూయార్క్‌లో 2024లో 377 మంది హత్యకు గురయ్యారు, అక్కడి జనాభా 85 లక్షలు, లక్షకు నాలుగున్నర కూడా రాదు. ఇదే న్యూయార్క్‌లో 1990లో 2,245 హత్యలు జరిగాయి. అప్పట్లో అమెరికా వెళ్లినవాళ్లు చెప్పిన భయాలే ఇప్పటికీ మన ఇళ్లలో తిరుగుతున్నాయేమో అని నాకో అనుమానం.

పాత లిస్టులో చికాగో పేరు లేదన్నారు కదా, దానికి కారణం తెలిస్తే ఈ లిస్టుల మీద మీకున్న భక్తి సగం తగ్గుతుంది. దేశమంతటి పోలీసుల నుంచి లెక్కలు సేకరించే ఎఫ్‌బీఐ దృష్టిలో ‘హింసాత్మక నేరాలు’ అంటే నాలుగు: హత్య, అత్యాచారం, దోపిడీ, తీవ్రమైన దాడి. ఈ నాలుగూ కలిపితేనే మొత్తం వస్తుంది. అత్యాచారాన్ని లెక్కపెట్టడంలో చికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రం పాటించిన నిర్వచనం ఎఫ్‌బీఐ నిర్వచనంతో కుదరలేదు. దాంతో ఏళ్ల తరబడి ఎఫ్‌బీఐ పట్టికలో చికాగో ఎదుట ఆ గడి ఖాళీ, దాన్ని బట్టి మొత్తం గడీ ఖాళీ. ఆ పట్టిక నుంచి లిస్టు చేసినవాళ్లకు చికాగో దొరకలేదు, వదిలేశారు. చదివినవాళ్లేమో చికాగో బాగుపడిందనుకున్నారు. తర్వాత 2013లో ఎఫ్‌బీఐ తన నిర్వచనాన్నే విస్తరించింది. దాంతో చాలా నగరాల్లో అత్యాచార కేసుల సంఖ్య కాగితం మీద పెరిగింది. 2012నీ 2014నీ పక్కపక్కన పెట్టి ‘పెరిగిపోయాయి’ అనేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

ఆ నాలుగింటిలో ఒక్కటే మిగతావాటిని మింగేస్తుంది. హింసాత్మక నేరాల మొత్తంలో పదింట ఏడు తీవ్రమైన దాడి కేసులే. హత్యలు నూటికి రెండు కూడా ఉండవు. కాబట్టి ‘వయొలెంట్ క్రైమ్ రేటు’ అని మీరు చదివేది అసలుకి దాడి కేసుల రేటు. ఒక గొడవను మామూలు దాడిగా రాయాలా, తీవ్రమైన దాడిగా రాయాలా అన్నది స్టేషన్‌లో పోలీసు చేతిలో ఉంటుంది. మన దగ్గర ఎఫ్‌ఐఆర్‌లో ఏ సెక్షన్ పెడతారన్నదాన్ని బట్టి కేసు ఎలా మారుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. లాస్ ఏంజెలెస్‌లో 2008 నుంచి 2014 వరకు పాతిక వేలకు పైగా తీవ్రమైన దాడులను మామూలు దాడుల కింద రాసేశారని అక్కడ పోలీసు శాఖ మీద నిఘా ఉంచే ఇన్‌స్పెక్టర్ జనరలే 2015లో తేల్చారు. అన్నేళ్లూ ఆ నగరం లిస్టుల్లో ఉన్నదానికంటే మంచిగా కనిపించింది. పైగా జనం ఫిర్యాదు చేయకపోతే రాయడానికేమీ ఉండదు. అమెరికాలో 1973 నుంచి ఇంటింటికీ తిరిగి ‘మీ మీద ఏదైనా నేరం జరిగిందా’ అని అడిగే జాతీయ సర్వే ఒకటుంది. దాని ప్రకారం హింసాత్మక నేరాల్లో సగానికి పైగా పోలీసుల దాకా వెళ్లవు. పోలీసుల మీద నమ్మకం ఉండి జనం ఫోన్ చేసే ఊరు లిస్టులో చెడ్డ ఊరిగా, ఎవరూ ఫోన్ చేయని ఊరు మంచి ఊరిగా తేలే అవకాశం ఉంది.

అందుకే నగరాలను పోల్చాలంటే హత్యల రేటు ఒక్కటే కాస్త నమ్మదగ్గది. శవాన్ని మామూలు దాడి కింద రాయలేరు. దానికీ కొన్ని మెలికలున్నాయి. మెంఫిస్‌లో 2023లో 398 హత్యలు అని మీరు చదివే ఉంటారు. అది రికార్డే. కానీ ఆ సంఖ్యలో ఆత్మరక్షణ కోసం జరిపిన కాల్పులని పోలీసులు సమర్థనీయంగా తేల్చినవీ కలిసి ఉన్నాయి. ఎఫ్‌బీఐ హత్యల లెక్కలో అవి రావు. చికాగోలో దీనికి రివర్స్. నగరం మధ్య నుంచి వెళ్లే ఎక్స్‌ప్రెస్‌వేల మీద జరిగిన హత్యలు రాష్ట్ర పోలీసుల ఖాతాలోకి పోతాయి, నగర పోలీసులు చెప్పే సంఖ్యలో ఉండవు. ఇవన్నీ సర్దినా మెంఫిస్, సెయింట్ లూయిస్, బాల్టిమోర్, న్యూ ఆర్లియన్స్ పైవరసలోనే ఉంటాయి. ఒకటో స్థానమా నాలుగో స్థానమా అన్న దాని మీద మాత్రం టెన్షన్ పడకండి. ఇంత చిన్న నగరంలో ఇరవై కేసులు అటూ ఇటూ అయితే వరుస మారిపోతుంది.

లిస్టు ఏ ఏడాదిదో చూశారా? ఇది అన్నిటికంటే ముందు చూడాల్సింది. 2020లో అమెరికా అంతటా హత్యలు ఒక్కసారిగా 30 శాతం దాకా పెరిగాయి. అంత పెరుగుదల ఒకే ఏడాదిలో రావడం రికార్డుల్లో లేదు. తర్వాత 2023, 2024లో దేశమంతా వేగంగా తగ్గాయి. డెట్రాయిట్‌లో 2023లో 252 హత్యలు జరిగాయి, 1966 తర్వాత అదే తక్కువ. బాల్టిమోర్‌లో 2015 నుంచి 2022 దాకా ఏటా 300 దాటినవి 2024కి 201కి దిగాయి. ఫిలడెల్ఫియాలో 2021లో 562, 2024లో 269. ఫార్వర్డ్ అయ్యే లిస్టులు మాత్రం 2020, 2021 దగ్గరే ఆగిపోయి ఉంటాయి. అందులోనూ 2021 మరీ ఘోరం. ఆ ఏడాది జనవరి 1 నుంచి ఎఫ్‌బీఐ లెక్కలు పంపే పద్ధతిని మార్చింది. దేశంలోని పోలీసు విభాగాల్లో మూడో వంతుకు పైగా ఆ ఏడాది లెక్కలు పంపనేలేదు. న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ కూడా పంపలేదు. దేశంలోని రెండు అతిపెద్ద నగరాలు లేని లిస్టును ‘అమెరికా టాప్ టెన్’ అని అమ్ముకున్నవాళ్లున్నారు.

ఈ అంకెలతో నగరాలకు ర్యాంకులివ్వొద్దని ఎఫ్‌బీఐ స్వయంగా హెచ్చరిస్తూ వస్తోంది. 2007లో అమెరికా క్రిమినాలజీ పరిశోధకుల సంఘం కూడా ఇలాంటి ర్యాంకులకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. అయినా ప్రతి ఏటా వస్తూనే ఉంటాయి, చదివేవాళ్లున్నారు కాబట్టి.

ఇప్పుడు సెయింట్ లూయిస్ లోపలికి వద్దాం. మీ అబ్బాయి ఉండబోయేది నగరంలో కాదు, నగరంలోని నాలుగైదు వీధుల్లో. 1989లో మినియాపొలిస్ మీద వచ్చిన ఒక అధ్యయనం ఈ రంగంలో ప్రసిద్ధం. పోలీసులకు వచ్చిన కాల్స్‌లో సగం, ఆ నగరంలోని చిరునామాల్లో కేవలం 3 శాతం చోట్ల నుంచే వచ్చాయని అది చూపించింది. ఆ తర్వాత చాలా నగరాల్లో వెతికినా దాదాపు ఇదే తేలింది. చెడ్డ ఏరియా అని పేరుపడ్డ చోట కూడా చాలా వీధులు ప్రశాంతంగానే ఉంటాయి, ఏవో కొన్ని మూలలు, కొన్ని బార్లు, కొన్ని ఖాళీ ఇళ్ల దగ్గరే మళ్లీ మళ్లీ జరుగుతుంది. సెయింట్ లూయిస్‌లో డెల్మార్ బులెవార్డ్ అని తూర్పు పడమరలుగా ఒక రోడ్డుంది. దానికి ఉత్తరాన ఎక్కువగా నల్లజాతి కుటుంబాలు, పడిపోతున్న ఇళ్లు. దక్షిణాన ఆదాయం, ఇళ్ల ధరలు ఒక్కసారిగా మారిపోతాయి. హత్యల్లో ఎక్కువ భాగం ఉత్తర భాగంలో జరుగుతాయి, చనిపోయేవాళ్లలో ఎక్కువమంది అక్కడి నల్లజాతి యువకులు. మీ అబ్బాయి యూనివర్సిటీ మిడ్‌టౌన్‌లో ఉంది. అంటే డెల్మార్‌కు దక్షిణానే, కానీ కొద్ది వీధుల దూరంలోనే. దాచడమెందుకు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, మీకు కోపం వచ్చినా సరే. మన పిల్లలకు సీనియర్లు, బంధువులు ఇచ్చే మొదటి సలహా ‘నల్లవాళ్లుండే ఏరియాకి పోకు’ అని. ఇది తప్పుడు మాట, పైగా పనికిరాని మాట. ఆ పేటల్లో ఎక్కువమంది పొద్దున్నే లేచి బస్సెక్కి పనికి పోయేవాళ్లు. తుపాకీ భయం మనకంటే వాళ్లకే ఎక్కువ. వాళ్లకు ఇళ్ల అప్పులు దొరక్కుండా దశాబ్దాల పాటు మ్యాపుల మీద గీతలు గీశారు, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, వెళ్లగలిగినవాళ్లు వెళ్లిపోయారు. మనిషి రంగు చూసి భయపడే పిల్లాడు, చూడాల్సింది చూడడు: ఏ వీధి, ఎంత రాత్రి, చుట్టూ మనుషులున్నారా, తను ఫోన్‌లో తలదూర్చి నడుస్తున్నాడా. ‘సేఫ్ సబర్బ్’ అన్న మాటకూ హద్దుంది. 2017లో ఒక తెలుగు ఇంజనీరును జాతి ద్వేషంతో కాల్చి చంపింది కాన్సస్‌లోని ఒలేథేలో. ఏ ప్రమాదకర నగరాల లిస్టులోనూ కనిపించని సబర్బ్ అది.

నగరం పేరు కంటే మీ అబ్బాయికి ముప్పు తెచ్చేది ఇంకొకటుంది, దాని గురించి మీ ఉత్తరంలో ఒక్క మాట లేదు. రాత్రిపూట పార్ట్ టైమ్. గ్యాస్ స్టేషన్, కన్వీనియన్స్ స్టోర్, మోటెల్ కౌంటర్, రెస్టారెంట్. అమెరికాలో దోపిడీల్లో చనిపోయిన మన విద్యార్థుల వార్తలు గుర్తు తెచ్చుకోండి. 2018లో కాన్సస్ సిటీలో రెస్టారెంట్, 2024లో చికాగోలో గ్యాస్ స్టేషన్. ఆ పిల్లలు రాత్రి రోడ్ల మీద షికారు తిరుగుతూ పోలేదు, పనిచేసే చోటే పోయారు. నగదు ఉండి, రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి, ఒకే మనిషి కూర్చునే కొట్టు ఏ ఊళ్లోనైనా దొంగకు తేలిక. అక్కడి కార్మిక భద్రత సంస్థ ఓషా 1998లోనే రాత్రిపూట నడిచే దుకాణాల కోసం ప్రత్యేకంగా సూచనలు విడుదల చేసిందంటే సమస్య ఎంత పాతదో చూడండి. పైగా ఎఫ్1 వీసా మీద చదివే పిల్లలు అనుమతి లేకుండా క్యాంపస్ బయట పనిచేస్తే అది వీసా ఉల్లంఘన. క్యాంపస్‌లో అయితే చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటల దాకా చేసుకోవచ్చు. బయట నగదుకు పనిచేసే పిల్లాడు దోపిడీ జరిగినా పోలీసులను పిలవడానికి వెనకాడతాడు. ఓనర్‌కి అది తెలుసు, ఒక్కోసారి దొంగకూ తెలుస్తుంది.

కాబట్టి మీరు చేయాల్సిన లెక్క నేరాల రేటు కాదు, డబ్బు లెక్క. ఫీజు తగ్గింపు పోను ఏడాదికి ఇంకా ఎంత కావాలి, లోన్ ఎంత వస్తుంది, మీరెంత పంపగలరు? ఏ యూనివర్సిటీకి పంపితే మీ అబ్బాయి రాత్రి గ్యాస్ స్టేషన్‌లో నిలబడే అవసరం రాదో అదే మీకు సురక్షితమైన ఊరు. డాలస్‌లో ఖర్చు ఎక్కువై నైట్ షిఫ్టులు చేయడం కన్నా, ఫీజు తగ్గిన సెయింట్ లూయిస్‌లో రాత్రి పదింటికి రూమ్‌లో ఉండడం ఎంతో మేలు. ‘ఎంత కష్టమైనా ఆ పని ఒప్పుకోకు, డబ్బు చాలకపోతే నాకు ఫోన్ చెయ్’ అని మీరు నోటితో చెప్పాలి. వాళ్లంతట వాళ్లు అడగరు. నాన్నకు భారం కాకూడదనే ఆ షిఫ్టులకు పోతారు.

ఇంకో అంకె కూడా పెట్టుకోండి. 2024లో అమెరికాలో హత్యకు గురైనవాళ్లు సుమారు 17 వేలు. రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 39 వేలకు పైగా. వెళ్లిన ఏడాదిలోపే సెకండ్ హ్యాండ్ కారు కొని, లాంగ్ వీకెండ్‌లో రాత్రంతా డ్రైవ్ చేసి ఇంకో రాష్ట్రంలోని ఫ్రెండ్స్ దగ్గరికి పోవడం మన పిల్లలకు మామూలే. దాని గురించి ఏ బావమరిదీ లిస్టు పెట్టడు. కారు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, సెయింట్ లూయిస్‌లో కొంటే తాళంచెవి తిప్పి స్టార్ట్ చేసే పాత కియా, హ్యుందాయ్ కార్ల జోలికి పోవద్దు. 2011 నుంచి 2021 మధ్య వచ్చిన చాలా మోడళ్లలో ఇమ్మొబిలైజర్ (అసలు తాళంచెవి లేకుండా బండి స్టార్ట్ కానివ్వని పరికరం) లేదు. 2022లో వాటిని ఎలా ఎత్తుకుపోవాలో చూపే వీడియోలు పాకి, దొంగతనాలు విపరీతమయ్యాయి. 2023లో ఆ నగరం కంపెనీల మీద దావా కూడా వేసింది. కారులో బ్యాగు, ల్యాప్‌టాప్ కనిపించేలా వదలడం కూడా అంతే. ఇవి హింసాత్మక నేరాల లెక్కలోకి రావు, కానీ మీ అబ్బాయికి అనుభవమయ్యే అవకాశం వీటికే ఎక్కువ.

సరే, ఆ నాలుగైదు వీధుల సంగతి ఎలా తెలుసుకోవాలి? 1990 నాటి క్లెరీ చట్టం ప్రకారం ప్రభుత్వ సాయం తీసుకునే ప్రతి యూనివర్సిటీ ఏటా అక్టోబర్ 1 లోపు భద్రతా నివేదిక బయటపెట్టాలి. అందులో గత మూడేళ్ల నేరాల లెక్క, ఎక్కడ జరిగాయన్న విభజనతో సహా ఉంటుంది. రోజువారీ క్రైమ్ లాగ్ కూడా ఉంచాలి, గత 60 రోజులది ఎవరడిగినా చూపాలి. మూడు యూనివర్సిటీల సైట్లలోనూ ఈ నివేదిక దొరుకుతుంది, మీ అబ్బాయిని కూర్చోబెట్టి చదివించండి. ఒక లోపం తెలుసుకుని చదవాలి: ఇందులో క్యాంపస్, దాన్ని ఆనుకుని ఉన్న చోట్లు, బయట యూనివర్సిటీ చేతిలో ఉన్న భవనాలు మాత్రమే వస్తాయి. రెండు వీధుల అవతల ప్రైవేట్ అపార్ట్‌మెంట్ రాదు. దానికి నగర పోలీసుల మ్యాపులు చూడాలి, రూమ్ అడ్రస్ పెట్టి చుట్టుపక్కల దోపిడీలు, కాల్పులు ఎన్ని జరిగాయో ఒక ఏడాదికి చూడాలి. నెల రోజులకు చూస్తే అదృష్టమో దురదృష్టమో తేలుతుంది గానీ ఏరియా తెలియదు.

సీనియర్లను అడిగేటప్పుడు ‘సేఫేనా అన్నా’ అని అడిగితే ‘సేఫే తమ్ముడూ’ అనే జవాబు వస్తుంది. వేరేలా అడగమనండి. ల్యాబ్ నుంచి రాత్రి పదకొండింటికి ఎలా వస్తున్నావు? యూనివర్సిటీ రాత్రి షటిల్ మీ అపార్ట్‌మెంట్ దాకా వస్తుందా, మధ్యలో దింపేస్తుందా? కింద మెయిన్ డోర్ తాళం నిజంగా పనిచేస్తుందా? గత ఏడాదిలో మీ బ్యాచ్‌లో ఎవరి ఫోనైనా లాక్కున్నారా, ఎక్కడ? నలుగురిని అడిగితే రెండు వీధుల పేర్లు పదే పదే వినిపిస్తాయి. ఆ వీధుల్లో అద్దె నెలకు వంద డాలర్లు తక్కువైనా తీసుకోవద్దు. ఎవరైనా తుపాకీ చూపిస్తే ఫోన్, పర్సు, కారు తాళాలు మాట్లాడకుండా ఇచ్చేయాలి, ఆ తర్వాతే పోలీసులకు 911 ఫోన్. ఇది ముందే అనుకుని ఉండకపోతే ఆ క్షణంలో ఐఫోన్ కోసం పెనుగులాడే కుర్రాళ్లుంటారు.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి: ఫీజు తగ్గింపు నిజంగా గణనీయమైనదై, మొదటి ఏడాది క్యాంపస్‌లో గానీ, దానికి పడమరన ఉన్న సెంట్రల్ వెస్ట్ ఎండ్ వైపు సీనియర్లు బాగుందని చెప్పిన బిల్డింగులో గానీ చోటు దొరికితే సెయింట్ లూయిస్‌కే పంపండి. డాలస్‌కి పంపాలనుకుంటే అక్కడి కోర్సు కోసం, ఉద్యోగాల కోసం పంపండి, అవి మంచి కారణాలే. చికాగోను ఫీజు భారమై వదులుకుంటే వదులుకోండి, టీవీ చూసి మాత్రం వద్దు.

మీ ఆవిడకు ‘ఏం కాదులే’ అని మాత్రం చెప్పకండి. ఆ మాట విన్న తల్లికి ఇంకా ఎక్కువ భయం వేస్తుంది. అబ్బాయిని ఆవిడ పక్కన కూర్చోబెట్టి, మ్యాప్‌లో క్యాంపస్ ఎక్కడ, రూమ్ ఎక్కడ, రాత్రి ఏ దారిన వస్తాడు, ఏ షటిల్ ఎక్కుతాడు అన్నీ చూపించమనండి. ఆవిడ అడిగే ప్రశ్నల్లో వాడికి జవాబు తెలియనివి రాసుకుని, లీజు మీద సంతకం పెట్టే ముందు వాటిని సీనియర్లకు పంపమనండి.